ఏడు లేని సముద్రం

మా కేంద్రంలో అందరివీ ఏదో ఒకటి కనిపెట్టే ఉద్యోగాలు. నాది మాత్రం వాళ్ళు కనిపెట్టింది బయటివాళ్ళ కంట పడకుండా చూసే ఉద్యోగం. పేరు ఘనంగానే ఉంటుంది, సమాచార భాండార అధికారిణి అని. కాకినాడ దాటి ఒడ్డు వెంబడి వెళితే తీరరక్ష పరిశోధన కేంద్రం అని నీలం బోర్డు కనిపిస్తుంది, అందులో కింది అంతస్తులో చివరి గది నాది. ముప్పై ఒక్క ఏళ్ళలో నా బల్ల మీదికి వచ్చిన దరఖాస్తుల్లో నేను ‘ఇవ్వలేము’ అని రాయనివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అలా రాయడంలో నాకో పనితనం ఉండేదని కూడా ఒప్పుకోవాలి. ఒకే కాగితాన్ని మూడుసార్లు మూడు వేరువేరు కారణాలు చూపించి వెనక్కి పంపగలను. గరికిన మరిడమ్మ కాగితాన్ని అలాగే పంపాను.

మరిడమ్మది గంగాలపేట. మా కేంద్రానికి నాలుగు మైళ్ళు. ఆమె అడిగింది వాళ్ళ నాన్న ఎర్రయ్య కొలిచిన సముద్రపు లోతుల లెక్క. ఆ లెక్కతో ఆమెకేం పనో చెప్పాలంటే ముందు ఎదురల గురించి చెప్పాలి.

ఎదురల, అంటే ఎదురు అల, మా డైరెక్టరు డాక్టర్ ఉలిమిరి రంగనాథ్ గారు కనిపెట్టింది. కేంద్రంలో పొడవాటి గాజు తొట్టి ఒకటి ఉంది. ఆ కొసన ఒక తెడ్డు ఊగి అలను పంపుతుంది. ఈ కొసన ఒక పలక ఊగి దానికి ఎదురు అలను పంపుతుంది. ఆ అల గుట్టలాగా వచ్చేచోటికి ఈ అల గుంటలాగా వెళుతుంది, ఒకదాన్నొకటి మింగేస్తాయి. మొదటిసారి చూసినప్పుడు గాజుకు మొహం ఆనించి నిలబడిపోయాను. రెండువైపులా నీళ్ళు ఎగిరెగిరి గాజుకు కొడుతున్నాయి, మధ్యలో నీళ్ళు పళ్ళెంలో పోసిపెట్టినట్టున్నాయి. రంగనాథ్ గారు అక్కడొక కాగితం పడవ పెట్టారు. అది పావుగంట సేపు అక్కడే ఉంది. ఆయన దాన్ని చూస్తూ నిలబడిన తీరు, తన పిల్లవాడు మొదటిసారి నిలబడితే చూసే తండ్రిలాగే ఉంది.

సముద్రంలో చేయాలంటే లారీలంత పలకలు కావాలి, వాటిని అడుగున బిగించి ఊపాలి. అంతకంటే ముందు లోతు తెలియాలి. నీళ్ళు లోతుగా ఉంటే అల వడిగా పరుగెడుతుంది, లోతు తగ్గితే నెమ్మదిస్తుంది. ఎదురల సరిగ్గా ఆ లెక్కనే బయలుదేరాలి. లెక్క తప్పితే గుంటలో గుట్ట కలవదు, గుట్ట మీద గుట్ట ఎక్కుతుంది. ఈ రోజు లోతు కొలవడానికి యంత్రాలున్నాయి గానీ అడుగున ఇసక రోజూ కదులుతుంది. రేపు ఎక్కడికి కదులుతుందో తెలియాలంటే నిన్నటి లోతులు, ముప్పై ఏళ్ళ కిందటి లోతులు కావాలి. అవి మా దగ్గర ఉన్నాయి. ప్రభుత్వ పథకం కింద ఎర్రయ్య ఇరవై రెండేళ్ళపాటు తన పడవ మీద నుంచి సీసపు గుండు కట్టిన తాడు వదిలి, పైకి లాగుతూ బారలు లెక్కపెట్టాడు. రెండు చేతులూ బార్లా చాపితే ఎంతో అది ఒక బార. వెంట వెళ్ళిన గుమస్తా పుస్తకంలో రాసుకొచ్చేవాడు. ఆ పుస్తకాలు మా కంప్యూటర్లోకి ఎక్కి లక్షా అరవై వేల వరసలయ్యాయి.

నాలుగు బారల లోతులో చేసిన మొదటి ప్రయోగం గంగాలపేట వాళ్ళంతా చూశారు. ఒక ఆటస్థలమంత సముద్రం ఉన్నట్టుండి నిమ్మళించింది. దాని మీద వాలిన కొంగ తన నీడను చూసుకుని బెదిరి లేచిపోయింది. అప్పటికే ఆ ఊరి మూడు వీధులు సముద్రంలో కలిసిపోయాయి. ఎదురల అడ్డుకోలేకపోతే మిగతా ఊరిని కూడా ఖాళీ చేయిస్తామని ప్రభుత్వం తలుపులకు కాగితాలు అంటించింది. ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళు ఆ కాగితాలు చింపేసి పొయ్యిలో పెట్టారట.

రెండోది పెద్ద ప్రయోగం, పోయిన ఏడాది జూలైలో. పలకలు తొమ్మిది బారల లోతులో పెట్టారు. రెండు అలలూ కలవాల్సిన చోట గురుతు తాడు పట్టుకుని నిలబడే పడవలో మరిడమ్మ భర్త పోతురాజు ఉన్నాడు. ఎదురల బయలుదేరింది. నాలుగు నిమిషాల తరవాత గుట్ట మీద గుట్ట ఎక్కింది. తాటిచెట్టంత నీళ్ళు లేచాయని ఒడ్డునున్నవాళ్ళు చెప్పారు. పోతురాజు శవం మూడో రోజు దొరికింది.

విచారణ జరిగింది. పలకలు బాగున్నాయి, సూత్రం బాగుంది, యంత్రాలు బాగున్నాయి. నివేదిక చివర ఒక వాక్యం మాత్రం మిగిలింది: ‘మూల కొలతలలో మానవ తప్పిదానికి అవకాశం కలదు.’ పేపర్లవాళ్ళకు అది చాలింది. ‘తాడు లెక్క తప్పింది’ అని వేశారు. ఇంటి ముందు ఎవరో అది చదివి వినిపిస్తే ఎర్రయ్య విన్నాడు. తాను తప్పుగా లెక్కపెట్టిన బారల మీద తన అల్లుడు చచ్చిపోయాడని నమ్మాడు. ఆ రోజు నుంచి సముద్రం వైపు వెళ్ళలేదు. పెరట్లో రోడ్డు వైపు తిరిగి కూర్చుంటాడు, పిలిస్తే పలకడు, అన్నం పెడితే తింటాడు.

మరిడమ్మ అడిగేది ఇదే. నాన్న నిజంగా తప్పు చెప్పాడా? ఆ లెక్కలు చూస్తే తనకు తెలుస్తుందని ఆమె నమ్మకం. ఇంటరు చదివింది, చిన్నప్పుడు ఒడ్డున కూర్చుని నాన్న బారలు లెక్కపెట్టడం విన్నది. నేను మొదటిసారి పేటెంటు అన్నాను. రెండోసారి విదేశీ పత్రికతో ఒప్పందం అన్నాను. మూడోసారి విచారణలో ఉన్న అంశం అన్నాను. మూడూ అబద్ధాలు కావు. అదే నా పనితనం.

ఈలోగా పైనుంచి కొత్త నిబంధన వచ్చింది. ప్రజల సొమ్ముతో చేసిన పరిశోధన ప్రజలకు తెరిచి పెట్టాలి, వ్యాసాలూ వాటి వెనకున్న అంకెలూ కూడా. అందుకొక వెబ్‌సైటు కూడా పెట్టారు. రంగనాథ్ గారు నన్ను పిలిచారు.

“వ్యాసాలు పెట్టేద్దాం లోచని గారూ. అంకెల దగ్గర ‘కోరినవారికి ఇవ్వబడును’ అని రాయండి.”

“కోరితే ఇచ్చేయాలా సార్?”

“కోరితే మీ దగ్గరికే వస్తారు గదా,” అని నవ్వారు.

నేనూ నవ్వాను. ఆయన చెడ్డవాడు కాదు. పోతురాజు పోయాక పది కిలోలు తగ్గారు. మూడో ప్రయోగానికి ఒక్క అవకాశం ఇచ్చింది ప్రభుత్వం, జూన్ పద్దెనిమిదిన. అది తప్పితే గంగాలపేట ఖాళీ. తప్పు ఎక్కడో తెలియకుండా ఆ రోజు దగ్గరికొస్తుంటే ఆయనకు భయం. అరకొరగా తెలిసినవాళ్ళ చేతుల్లో ఆ అంకెలు పడితే ఇంకేం మాటలు పుడతాయోనని ఇంకో భయం.

మే నెల మొదట్లో మరిడమ్మ నాలుగోసారి వచ్చింది. చేతిలో దరఖాస్తు లేదు.

“ఈసారి కాగితం తేలేదండి. నాకేం ఇవ్వొద్దు. మీ దగ్గరున్నాయి గదా, మీరే ఓసారి సూసి సెప్పండి. మా నాన్న తప్పు లెక్క సెప్పాడా లేదా. ఆ ఒక్క ముక్కా సెబితే ఇంటికెళ్ళి ఆయనకి సెప్పుకుంటాను.”

“తప్పు చెప్పాడని తేలితే?”

“అదీ సెబుతానండి. తెలీకుండా కూర్చోడం కంటే నయం గదా.”

కాదనడానికి నా దగ్గర కారణం మిగల్లేదు. ఆమెను కూర్చోబెట్టి ఆ ఫైలు తెరిచాను. తేదీ, చోటు, బారలు. తేదీ, చోటు, బారలు. గంటసేపు కిందికి జరుపుతూ పోయాను. ఏమీ తెలియలేదు. నేను కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, మోకాలి లోతు దాటి సముద్రంలో దిగినదాన్ని కాదు. ముప్పై ఏళ్ళు కాపలా కాసిన సామాను ఏమిటో నాకే తెలియదని ఆ గంటలో తెలిసింది. మరిడమ్మ నా మొహం వైపే చూస్తూ కూర్చుంది, నాకు సిగ్గేసింది.

“నాకు తెలియడం లేదమ్మా,” అన్నాను. “తెలిసినవాళ్ళకు కనబడాలి.”

ఆ మధ్యాహ్నం పెరుగన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, లక్షా అరవై వేల వరసలూ వెబ్‌సైటులో పెట్టేశాను. నిబంధన నా పక్షాన ఉంది. సాయంత్రం రంగనాథ్ గారు గదిలోకి వచ్చి తలుపు వేశారు.

“ఒక్క మాట అడగొచ్చు గదా నన్ను.”

“అడిగితే వద్దనేవారు సార్.”

ఆయన వేసిన తలుపు తానే తీసుకుని వెళ్ళిపోయారు. కేకలు వేసినా బాగుండేది.

ఆ వారంలో ఆ అంకెలు ఎక్కడెక్కడికి వెళ్ళాయో చూస్తుంటే నాకు మతిపోయింది. విశాఖలో ఓడలు నడిపి రిటైరైన ఒకాయన ప్రశ్నలు పంపాడు. ఎక్కడో మంచు దేశంలో చదువుకుంటున్న అమ్మాయి ఒకతె ఆ వరసలన్నిటినీ కదిలే బొమ్మగా చేసి పెట్టింది. ఇరవై రెండేళ్ళ సముద్రపు నేల, రెండు నిమిషాల్లో. వర్షాకాలానికి ఇసక ఒడ్డు వదిలి లోపలికి జారుతుంది, చలికాలానికి మళ్ళీ ఒడ్డుకు వస్తుంది. జారడం, రావడం, జారడం, రావడం. నిద్రపోతున్న మనిషి గుండెలాగా ఆ నేల లేస్తూ దిగుతూ ఉంది. ఒక ముసలాయన తాడుతో, రెండు చేతులతో కొలిచింది ఇంత పెద్దదా అనిపించింది. ఇంటికి తీసుకెళ్ళి మావారు విశ్వపతికి చూపిస్తే ఆయన కాఫీ చల్లారిపోయేదాకా దానివంకే చూశారు.

తొమ్మిదో రోజు, వెబ్‌సైటులో ఆ వరసలన్నీ చూసి మరిడమ్మ ఫోను చేసింది.

“మేడమ్, పని మీదున్నారా?”

“చెప్పమ్మా.”

“మా నాన్న నోట ఆ అంకె రాదండి, అది నాకు తెలుసు. కానీ మీ లెక్కల్లో కూడా లేదేటండి?”

“ఏ అంకె?”

“ఆరు తరవాతదండి. ఎనిమిది ముందుది.”

ఫైలు తెరిచి బారల వరసను చిన్న నుంచి పెద్దకు పేర్చాను. అయిదులు వేలల్లో ఉన్నాయి. అయిదున్నరలు ఉన్నాయి. ఆరులు వేలల్లో ఉన్నాయి. ఆ తరవాత ఆరు పాయింటు ఒకటి, పదకొండు వేల చిల్లర. ఆ తరవాత ఎనిమిది. ఇరవై రెండేళ్ళ సముద్రంలో ఏడు బారల లోతు ఒక్కనాడూ లేదు. పాయింటు ఒకటి అనేది ఆరు పక్కన తప్ప ఇంకే అంకె పక్కనా లేదు.

“ఆరు పాయింటు ఒకటి అని ఉందమ్మా ఇక్కడ,” అన్నాను.

“ఆరున్నొక్కటండి అది,” అంది మరిడమ్మ. “నీళ్ళ మీద ఆ అంకె పలకరండి మావోళ్ళు. పలికితే ఏడుపుని పిలిచినట్టు. ఒకటిని లాభం అంటారు, దాన్ని ఆరున్నొక్కటి అంటారు. గుమస్తా అప్పలకొండ బాబాయి మా పేటోడే గదండి, ఇన్నట్టే రాసుంటాడు.”

మా పిల్లలు చిన్నప్పుడు పేచీ పెడితే ‘ఆరున్నొక్క రాగం ఎత్తుకోకు’ అని నేను వందసార్లు అని ఉంటాను. ఆరూ ఒకటీ కలిస్తే ఏడని, ఏడంటే ఏడుపని తెలియని తెలుగువాళ్ళుంటారా? ఆ మాట నాకు తెలుసు. అంకెల్లో చూసినప్పుడు మాత్రం వినిపించలేదు.

గిడ్డంగికి వెళ్ళి పాత పుస్తకాలు దించాను. అప్పలకొండ రాత గుండ్రంగా ఉంది. ప్రతి పేజీలోనూ 6, పక్కన చిన్న గీత, పక్కన 1. పుస్తకాల కట్ట అడుగున పసుపు పచ్చబడిన కాగితం ఒకటి ఉంది. కంప్యూటర్లో ఎక్కించేవాళ్ళకు సూచనలు. అందులో నాలుగోది: ‘అంకెల నడుమ గీత ఉన్నచోట పాయింటు కొట్టవలెను.’ కింద సంతకం, పి. పద్మలోచని.

ఉద్యోగంలో చేరిన కొత్త. నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. ఆ గీతలు చూడ్డానికి బాగాలేవని, ఎవరినీ అడగకుండా, చుక్క పెట్టించాను. నా తరవాత వచ్చిన వాళ్ళంతా ఆ కాగితం చూసే కొట్టారు. గిడ్డంగి నేల మీద కూర్చుండిపోయాను. పోతురాజు ఎలా ఉండేవాడో కూడా నాకు తెలియదు. పేపర్లో వేసిన చిన్న ఫొటో ఒక్కటే చూశాను.

ఇంట్లో అన్నం సహించలేదు. విశ్వపతి ఏమిటని అడిగితే చెప్పాను. ఆయన తన కంచం పక్కకు జరిపి చెయ్యి కడుక్కొచ్చారు.

“రాసింది గుమస్తా గదా. గీత పెట్టింది అతను,” అన్నారు చివరికి.

“అతను సరిగ్గానే పెట్టాడు.”

“అతను పోయాడన్నావు గదా లోచనీ. నీకింకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఆ సూచనల కాగితం నీ చేతిలో తప్ప ఇంకెక్కడా లేదు.”

ఆయన నా మేలు కోరే అన్నారు. అంతకుముందే ఆ ఆలోచన నాకు వచ్చిందని ఆయనకు తెలియదు. పుస్తకాల కట్టలోంచి ఆ కాగితం తీసి నేను హ్యాండుబ్యాగులో పెట్టుకుని వచ్చాను. ఎందుకు పెట్టుకున్నానో నాకు బాగా తెలుసు. ఒక ముసలాయన పది నెలలుగా రోడ్డు వైపు తిరిగి మోస్తున్న బరువును, చచ్చిపోయిన ఇంకొకడి మీదికి నెట్టడానికి నేను సగం సిద్ధపడ్డాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పొద్దున్నే రంగనాథ్ గారి బల్ల మీద ఆ కాగితం పెట్టి, ఆరున్నొక్కటి సంగతి చెప్పాను. ఆయన చదివి, నా మొహం చూసి, మళ్ళీ చదివి, కంప్యూటరు ముందుకు వెళ్ళి పదకొండు వేల చుక్కలూ తీయించి ఏడులు పెట్టించారు. సముద్రపు నేల బొమ్మ మళ్ళీ గీయడానికి గంట పట్టింది. పాత బొమ్మలో ఏడు బారల దగ్గర ఒడ్డు పొడవునా ఉన్న ఇసక తిన్నె చెరిగిపోయింది. నేల సాఫీగా, వాలుగా లోపలికి దిగిపోయింది.

“ఆ తిన్నె నాకు పదేళ్ళుగా తెలుసు,” అన్నారు ఆయన నెమ్మదిగా. “యంత్రంతో కొలిస్తే కనబడేది కాదు. ఈ వారం కొట్టుకుపోయింది, మళ్ళీ వస్తుంది అనుకునేవాణ్ణి. వచ్చిపోయే తిన్నె అని దాని మీద రెండు వ్యాసాలు రాశాను. లేని తిన్నె మీద ఎదురలను నెమ్మదిగా నడిపించాను.”

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు ఆయన మీద మొదటిసారి జాలి కలిగింది.

“సవరణ పెట్టాలి. సాంకేతిక దోషం అని రాద్దాం లోచని గారూ. అది అబద్ధం కాదు.”

“అబద్ధం కాదు సార్. అలాంటివి నేను చాలా రాశాను.”

వెబ్‌సైటులో సవరణ నా పేరుతోనే పెట్టాను. నేనిచ్చిన సూచన వల్ల ఏడు బారలు ఆరు పాయింటు ఒకటిగా నమోదయ్యాయని, కొలిచిన గరికిన ఎర్రయ్య లెక్కలో గాని, రాసిన సూరాడ అప్పలకొండ రాతలో గాని ఏ తప్పూ లేదని. ఆ తరవాత గంగాలపేట బస్సెక్కాను.

మరిడమ్మ నన్ను పెరట్లోకి తీసుకెళ్ళింది. ఎర్రయ్య నులక మంచం మీద రోడ్డు వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. పొడుగాటి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనకాల ఇళ్ళ వరస దాటగానే సముద్రం గోడల్ని కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను ఎదురుగా కింద కూర్చున్నాను.

“పెద్దయ్యా, తప్పు మీది కాదు. నాది.”

గీత సంగతి, చుక్క సంగతి దాచకుండా చెప్పాను. వింటున్నాడో లేదో తెలియలేదు. చెప్పడం అయిపోయాక నోరు విప్పాడు.

“గీత నువ్వు తీసేసినావా?”

“తీసేశాను.”

“నన్నడిగితే సెప్పేవోణ్ణి గదమ్మా.”

కోపంగా అన్నా తట్టుకునేదాన్నేమో. ఆయన మామూలుగా అన్నాడు, దారి అడిగితే చెప్పేవాడిలా. నేను తల వంచుకుని ఏడిచాను. మరిడమ్మ నీళ్ళ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది, తాగమని మాత్రం అనలేదు.

“మల్లీ ఎప్పుడు ఆపుతున్నారు సంద్రాన్ని?” అన్నాడు ఎర్రయ్య.

“వచ్చే నెల పద్దెనిమిదిన.”

“మా అల్లుడు నిలబడ్డ సోట బోటు ఎవురు పట్టుకుంటారు?”

“ఎవరినీ పెట్టొద్దన్నారు మా సార్.”

“నాను పట్టుకుంటాను,” అన్నాడు. “రాయడానికి నువ్వు రా.”

మా సార్‌ను ఎలాగో ఒప్పించాను. జూన్ పద్దెనిమిది పొద్దున తొమ్మిదింటికి పడవలో నలుగురం ఉన్నాం. ఇంజను దగ్గర దానయ్య అనే ఆయన, పడవ ముక్కు దగ్గర ఎర్రయ్య, మధ్యలో మరిడమ్మ, నేను. ఆడవాళ్ళు పడవెక్కకూడదన్న మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ముందు రోజు నుంచి గాలి ఎక్కువగా ఉంది. మనిషెత్తు అలలు వస్తున్నాయి. పడవ అల మీదికి ఎక్కినప్పుడల్లా ఆకాశం, దిగినప్పుడల్లా నీళ్ళ గోడ. ఒడ్డు నుంచి మైలు దూరం వెళ్ళేలోపే నేను తిన్నదంతా కక్కేశాను. మరిడమ్మ నా వీపు రాస్తూ కూర్చుంది. పోయినసారి పోతురాజు పడవ నిలబడ్డ ఏడు బారల చోటికి వచ్చాక దానయ్య ఇంజను ఆపాడు, ఎర్రయ్య గురుతు తాడు పట్టుకున్నాడు.

నా దగ్గరున్న వాకీటాకీలో రంగనాథ్ గారి గొంతు వినిపించింది.

“పలకలు కదిలాయి.”

పోయినసారి నాలుగు నిమిషాలు పట్టింది. నేను వాచీ చూడకూడదనుకుని చూస్తూనే ఉన్నాను. మొదటి నిమిషం ఏ తేడా లేదు. రెండో నిమిషంలో పడవ కింద ఏదో గుడుగుడుమంది. మూడో నిమిషంలో పెద్ద అల ఒకటి లేచింది. అది మా వైపే వచ్చింది. మరిడమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నా చుక్క ఇంకెక్కడైనా మిగిలి ఉంటే ఈ నలుగురం ఇక్కడే పోతామని అనుకున్నాను. కళ్ళు మూసుకోలేకపోయాను.

అల దగ్గరికొచ్చి కూర్చుంది. విరగలేదు, చిమ్మలేదు. నడిచొచ్చిన మనిషి అరుగు మీద కూర్చున్నట్టు దిగి నీళ్ళలో కలిసిపోయింది. దాని వెనకది ఇంకా ముందే కూర్చుంది. దాని వెనకది లేవనేలేదు. పడవ ఊగడం తగ్గి, తగ్గి, ఆగింది. చుట్టూ చూశాను. ఒడ్డు నుంచి మా దాకా, మా నుంచి కుడికీ ఎడమకీ కనుచూపు మేర నీళ్ళు ఒక్క ముడత లేకుండా పరుచుకుని ఉన్నాయి. ఆకాశం మొత్తం, ఒక్క మబ్బు తప్పకుండా, మా కింద నీళ్ళలో ఉంది. దూరంగా, పలకల అవతల, అసలు సముద్రం తెల్లగా ఎగిరెగిరి పడుతోంది. దాని చప్పుడు కూడా మా దాకా సన్నగానే వస్తోంది. నాకు భయంలాంటిదే వేసింది, భయం కాదు. చేతులెత్తి దండం పెట్టాలనిపించింది, ఎవరికో తెలియలేదు.

చప్పుడు పోయాక ఊరు వినిపించింది. మైలున్నర దూరంలో ఎవరింట్లోనో కుక్కరు కూసింది. కోడి అరిచింది. తలుపు గడియ పడిన చప్పుడు కూడా నీళ్ళ మీదుగా వచ్చింది. ఉన్నట్టుండి పసిపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు, ఇంటింటా, ఒకరి వెనక ఒకరు.

“పాపం, లేచిపోయారు,” అన్నాడు దానయ్య మెల్లగా. “పుట్టినకాడ్నించి ఈ హోరులోనే పడుకున్నారు గదా.”

ఎర్రయ్య గురుతు తాడు దానయ్య చేతికిచ్చి, తన తాడు తీసి గుండు నీళ్ళలోకి వదిలాడు. ఏటవాలు లేకుండా, గోడకు కొట్టిన గీతలాగా నిటారుగా దిగిపోయింది. అడుగు తగిలాక పైకి లాగుతూ లెక్కపెట్టాడు. ప్రతి బారకూ ఆ పొడుగాటి చేతులు రెండువైపులా తెరుచుకున్నాయి.

“లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు.” కాస్త ఆగాడు. “ఆరున్నొక్కటి.”

నేను పుస్తకంలో రాశాను.

“ఏటి రాసినావమ్మా?” అన్నాడు. ఆయనకు చదువు రాదు.

నేను చెప్పబోయి ఆగి, పుస్తకం మరిడమ్మ చేతిలో పెట్టాను. పోతురాజు పోయిన చోట, ఆ నీళ్ళ మీద, ఆమె ఆ అంకె వంక చాలాసేపు చూసింది. తరవాత తండ్రి వైపు జరిగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“ఏడు నాన్నా,” అంది.

ఎర్రయ్య తడి తాడును గుండెలకు ఆనించుకుని ఏడిచాడు.